కడలి బిడ్డల కట్టూ బొట్టూ – మన జాలారిపేట నుంచి వైకింగుల దాకా



గత సంవత్సరం మన హాస్టల్ వార్షికోత్సవంలో విచిత్ర వేషధారణ పోటీ జరిగింది. మా గదిలో ఉండే ఏడుగురం కలిసి మాలో ఒకడికి వైకింగు వేషం వేశాం. అట్ట ముక్కతో టోపీ చేసి, దానికి రెండు పెద్ద కొమ్ములు అతికించాం. పాత గోనెసంచి కత్తిరించి చొక్కా చేశాం. అందరూ చప్పట్లు కొట్టారు. రెండో బహుమతి కూడా వచ్చింది.

బహుమతి ఇచ్చిన తర్వాత మా సోషల్ మాస్టారు ఒక ప్రశ్న అడిగారు. "వేషం బాగుందిరా. కానీ సముద్రం మీదికి వెళ్ళేవాడు తలమీద అంత బరువు, ఒంటిమీద ఇంత గోనె వేసుకొని వెళతాడా? మీలో ముగ్గురు జాలారిపేట పిల్లలే కదా, మీ తాత వేటకు ఏం కట్టుకొని వెళ్ళేవాడో చెప్పండి చూద్దాం" అన్నారు.

మాకు జవాబు తెలియలేదు. ఎక్కడో యూరప్‌లో వెయ్యేళ్ళ కిందటి వాళ్ళ వేషం వేశాం గానీ, మన ఇంట్లో తాత ఏం కట్టుకునేవాడో చెప్పలేకపోయాం. ఆ సిగ్గుతోనే ఈ వ్యాసం మొదలైంది. సంక్రాంతి సెలవుల్లో మాలో ముగ్గురం ఇళ్ళలో పెద్దవాళ్ళను అడిగి రాసుకున్నాం. మిగిలిన నలుగురం గ్రంథాలయంలో పుస్తకాలు చదివాం. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసి, మేము తెలుసుకున్నది మీ ముందుంచుతున్నాం.

వైకింగులు ఎవరు? జాలారులు ఎవరు?

ఇప్పటి నార్వే, స్వీడన్, డెన్మార్క్ దేశాల నుంచి ఓడల మీద బయలుదేరి దోపిడీలు, వ్యాపారాలు, వలసలు చేసినవారిని వైకింగులు అంటారు. క్రీ.శ. 793లో ఇంగ్లండు తీరంలోని లిండిస్‌ఫార్న్ మఠంపై జరిగిన దాడి నుంచి 1066 వరకు వారి యుగంగా చరిత్రకారులు లెక్కిస్తారు. నిజానికి 'వైకింగ్' అనేది ఒక జాతి పేరు కాదు, సముద్రం మీద దాడికి వెళ్ళే పని పేరు. వారిలో చాలామంది ఇంటి దగ్గర సేద్యం చేసుకొని, పశువులను మేపుకొని, చేపలు పట్టుకొని బతికిన మామూలు మనుషులు. వారి చేతిలో దెబ్బ తిన్న మఠాల సన్యాసులు చదువుకున్నవారు కాబట్టి, వారు రాసిందే ముందుగా చరిత్ర అయింది. అందులో కత్తీ నిప్పూ ఉన్నాయి గానీ దువ్వెన, సూది, గంజి కుండ లేవు.

మన విశాఖ తీరం వెంట జాలారులు, వాడబలిజలు తరతరాలుగా సముద్రపు వేట మీద బతుకుతున్నారు. పెదజాలారిపేట, జోడుగుళ్ళపాలెం, మంగమారిపేట, భీమునిపట్నం, అప్పికొండ, పూడిమడక – ఇలా తీరం పొడవునా వారి పేటలున్నాయి. 1909లో వెలువడిన థర్‌స్టన్ గారి గ్రంథంలో జాలారి అనే పేరు 'జాల' అంటే వల అనే మాట నుంచి వచ్చిందని ఉంది. 'వాడ' అంటే ఓడ అని పెద్దలు చెబుతారు. వీరి పేర్లలోనే వలా ఓడా ఉన్నాయి. వీరి గురించి కూడా ఎక్కువగా రాసింది బయటివారే.

కొమ్ముల టోపీ అబద్ధం, మొనదేలిన టోపీ నిజం

మేము అట్టతో చేసిన కొమ్ములు అసలు వైకింగులవి కావట! నార్వేలోని గెర్ముండ్‌బు అనే చోట 1943లో ఆ కాలపు ఇనుప శిరస్త్రాణం దొరికింది. దానికి కొమ్ములు లేవు. డెన్మార్క్‌లో దొరికిన కొమ్ముల కంచు టోపీలు వైకింగుల కంటే సుమారు పదిహేడు వందల ఏళ్ళు ముందటివి. మరి కొమ్ములు ఎలా వచ్చాయి? 1876లో జర్మనీలోని బైరాయిట్‌లో వాగ్నర్ సంగీత నాటకాలు ఆడినప్పుడు, దుస్తులు రూపొందించిన డోప్లర్ అనే చిత్రకారుడు కొన్ని పాత్రలకు కొమ్ముల టోపీలు పెట్టాడు. అది చూసేవాళ్ళకు బాగా నచ్చింది. బొమ్మల పుస్తకాలు, సినిమాలు దాన్నే పట్టుకున్నాయి. మేమూ పట్టుకున్నాం.

ఇక్కడ మాకు ఆశ్చర్యం కలిగించిన విషయం ఒకటుంది. వింత టోపీ వైకింగులకు లేదు గానీ మనవాళ్ళకు ఉంది. ఒడిశాలోని పూరీ తీరంలో యాత్రికులను చేయి పట్టుకొని అలల్లో స్నానం చేయించేవారిని, మునిగిపోయేవారిని కాపాడేవారిని నూలియాలు అంటారు. వారు మన ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వెళ్ళిన, తెలుగు మాట్లాడే మత్స్యకారులు. వారి తలమీద అల్లిన, మొనదేలిన తెల్ల టోపీ ఉంటుంది. జనం గుంపులో, అలల మధ్య దూరం నుంచి కూడా నూలియా ఎక్కడున్నాడో కనబడుతుంది. పాత రోజుల్లో మద్రాసు తీరంలో కట్టుమరాల వాళ్ళు దూరంగా లంగరు వేసిన ఓడలకు ఉత్తరాలు తీసుకుపోయేటప్పుడు అలాంటి అల్లిక టోపీలోనే దాచి తడవకుండా చేర్చేవారని చదివాం. అంటే ఆ టోపీ వేషం కోసం పెట్టుకున్నది కాదు, పని కోసం పెట్టుకున్నది.

చలి సముద్రపు ఉన్ని, ఎండ సముద్రపు గోచి

వైకింగుల దేశం చలి దేశం. మగవాళ్ళు అవిసె నారతో నేసిన లోపలి చొక్కా, దానిపై మోకాళ్ళ దాకా వచ్చే ఉన్ని అంగీ, ఉన్ని లాగు, కాళ్ళకు చుట్టుకునే గుడ్డ పట్టీలు, తోలు చెప్పులు వేసుకునేవారు. భుజం మీద దుప్పటిలాంటి వస్త్రం కప్పుకొని కుడి భుజం దగ్గర పిన్నుతో బిగించేవారు. కుడి చేయి పనికీ, కత్తికీ ఖాళీగా ఉండాలి కదా! 922లో వోల్గా నది ఒడ్డున ఈ ఉత్తరాది వర్తకులను చూసిన ఇబ్న్ ఫద్లాన్ అనే అరబ్బు రాయబారి కూడా, వారు ఒంటికి ఒక పక్క కప్పుకొని ఒక చేయి బయట ఉంచుకుంటారని రాశాడు.

ఆడవాళ్ళు పొడుగు చొక్కా మీద, భుజాల నుంచి పట్టీలతో వేలాడే గౌను వేసుకునేవారు. ఆ పట్టీలను రెండు కంచు బిళ్ళలతో బిగించేవారు. చూడడానికి తాబేలు వీపులా ఉంటాయి. రెండు బిళ్ళల మధ్య పూసల దండ వేలాడేది. వాటికే తాళంచెవి, కత్తెర, సూదుల డబ్బీ కట్టుకునేవారు.

ఇప్పుడు మన తీరానికి వద్దాం. మాలో ఒకడి తాత పాతికేళ్ళకు పైగా తెప్ప మీద వేటకు వెళ్ళినవాడు. "తాతా, ఒంటిమీద చొక్కా ఎందుకు వేసుకునేవాడివి కాదు?" అని అడిగాం. ఆయన నవ్వి, "గుడ్డ ఎక్కువైతే సముద్రం లాగీస్తాది బాబూ. తడిసిన గుడ్డ సెడ్డ బరువు. గోచీ అయితే ఒంటికి అతుక్కుంటాది, గాలికి ఆరిపోతాది" అన్నాడు.

ఈ మాటలో ఎంత శాస్త్రం ఉందో తర్వాత అర్థమయింది. తెప్ప అంటే తేలికైన దుంగలను తాళ్ళతో కట్టిన నావ. దానికి గోడలుండవు. ప్రతి అలా మీద నుంచే పోతుంది. మనిషి రోజంతా తడిసే ఉంటాడు. అలాంటిచోట మొలతాడుకు బిగించిన గోచి, తలకు చుట్టిన తువ్వాలు చాలు. ఆ తువ్వాలే ఎండకు గొడుగు, చలికి కప్పు, చెమటకు రుమాలు, ఒడ్డుకు వచ్చాక కట్టుకునే పంచె. ఉన్నికి ఉన్న సుగుణం తడిసినా కొంత వెచ్చదనం ఇవ్వడం. వెచ్చని సముద్రంలో దానితో పని లేదు. కాబట్టి వైకింగు నిండుగా కప్పుకోవడం నాగరికతా కాదు, మన తాత గోచి పెట్టుకోవడం అనాగరికతా కాదు. ఇద్దరూ తమ సముద్రం అడిగిన బట్టే కట్టుకున్నారు.

మేకులున్న ఓడ, మేకుల్లేని పడవ

వైకింగుల ఓడను ఒక పలక అంచు మీద ఇంకో పలక ఎక్కించి, ఇనుప రివెట్లతో బిగించేవారు. పెద్ద ఓడకు వేల రివెట్లు పట్టేవి. ఆ ఇనుమును చిత్తడి నేలల్లో దొరికే ముడి ఖనిజం నుంచి తీసేవారు. ఓడ తేలికగా ఉండి, అలకు కొద్దిగా వంగేది. 1962లో డెన్మార్క్‌లోని రోస్కిల్డే దగ్గర నీటి అడుగు నుంచి ఐదు ఓడల అవశేషాలు బయటికి తీశారు. వాటిలో ఒకదాని నమూనాగా కట్టిన ఓడ 2007లో రోస్కిల్డే నుంచి ఐర్లండులోని డబ్లిన్ దాకా ప్రయాణం చేసింది.

మన తీరంలో పాతకాలపు పడవ పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. మేకులతో గట్టిగా బిగించిన పడవ ఒడ్డున విరిగే అలల దెబ్బకు పగిలిపోతుంది. కుట్టిన పడవ వంగి తట్టుకుంటుంది. 1933లో ఓడరేవు తెరిచేవరకు విశాఖకు వచ్చిన పెద్ద ఓడలు ఒడ్డుకు దూరంగానే ఆగేవి. సరుకులూ మనుషులూ ఇలాంటి పడవల మీదే తీరం చేరేవారు. ఉక్కు నగరమని పేరు తెచ్చుకున్న మన ఊళ్ళో పాత పడవకు ఒక్క ఇనుప మేకు కూడా లేదని తెలిసి, స్టీలు ప్లాంటు పక్క పల్లె నుంచి వచ్చిన మా మిత్రుడు చాలాసేపు నమ్మలేదు.

తెరచాప వెనుక ఆడవాళ్ళు

వైకింగు అనగానే గడ్డం పెంచిన మగవాడే మన కళ్ళకు కడతాడు. కానీ వాళ్ళ ఓడను నడిపించిన తెరచాప ఎక్కడి నుంచి వచ్చింది? చాలా తెరచాపలు ఉన్నితో నేసినవే. పెద్ద తెరచాప ఒక్కదానికి వందలాది గొర్రెల ఉన్ని కావాలి. ఆ ఉన్నిని ఏరి, దువ్వి, చేతి కదురుతో వడికి, నిలువు మగ్గం మీద నేయాలి. అది కొందరు ఆడవాళ్ళకు ఏళ్ళ తరబడి పని. ఓడ కట్టడం కంటే తెరచాప నేయడానికే ఎక్కువ కాలం పట్టేదని పరిశోధకులు అంటారు. ఐస్‌లాండులో ఈ ఉన్ని బట్టే డబ్బుగా కూడా చెల్లింది. పన్నులూ అప్పులూ బట్ట కొలతతో కట్టేవారు.

నార్వేలోని ఓసెబెర్గ్‌లో 834లో సమాధి చేసిన ఒక ఓడను 1904లో తవ్వి తీశారు. అందులో ఇద్దరు స్త్రీల అస్థికలు దొరికాయి. వారితో పాటు మగ్గాలు, బకెట్లు, బండి, స్లెడ్జీలు, దూరదేశపు పట్టు ముక్కలు ఉన్నాయి. వైకింగుల సమాధుల్లో అంత వైభవమైనవాటిలో ఒకటి ఆడవాళ్ళది కావడం మా తరగతిలో ఎవరికీ తెలియదు.

ఉత్తర నార్వేలో స్త్రీల సమాధుల్లో తిమింగలం ఎముకతో చేసిన పలకలు దొరికాయి. వాటి మీద నార బట్ట పరచి గాజు గుండుతో రుద్ది నునుపు చేసేవారని భావిస్తున్నారు. ఇది చదవగానే మాకు పొందూరు గుర్తుకొచ్చింది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్న ఖద్దరు వడికే స్త్రీలు పత్తిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడను దువ్వెనలా వాడతారు. ఆ దవడకున్న సన్నని పళ్ళు పత్తిలోని నలుసును తీసి, పోగులను వరుసగా చేస్తాయి. ఒకచోట తిమింగలం ఎముక, ఇంకోచోట చేప దవడ. నీళ్ళలో పెరిగిన ప్రాణి ఎముక నేతపనికి సాయపడుతుందని అక్కడి ఆడవాళ్ళూ ఇక్కడి ఆడవాళ్ళూ ఎవరికి వారే కనిపెట్టారు.

మన పేటల్లో ఆడవాళ్ళ బట్ట కూడా పని బట్టే. చీర కుచ్చెళ్ళు పైకి దోపి మోకాళ్ళ కిందిదాకా కట్టుకుంటారు. నెత్తిన చుట్టకుదురు, దాని మీద చేపల గంప. రొంటిన చిన్న సంచి, అందులో చిల్లర, ఆకూవక్కా, పిన్నీసు. వైకింగు ఇల్లాలి భుజం బిళ్ళకు వేలాడే తాళంచెవీ సూదుల డబ్బీ చేసే పనే మన మామ్మ రొంటి సంచి చేసింది. "వేటకు వెళ్ళేది తాత కదా మామ్మా, నువ్వు ఎందుకంత కష్టపడ్డావు?" అని అడిగితే, "మీ తాత ఏటకెల్తే సరా నాయనా? సేప కూడవ్వాలంటే నాను నడవాలి గదా!" అంది. తెల్లవారక ముందే గంప ఎత్తుకొని ఊళ్ళు తిరిగి అమ్మితేనే ఇంట్లో బియ్యం.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. మన తీరపు పల్లెల్లో పెద్ద వయసు ఆడవాళ్ళు కొందరు చుట్టను నిప్పు నోటి లోపలికి పెట్టి అడ్డపొగ తాగుతారు. దీనివల్ల అంగిలికి పుండ్లు, కాన్సర్ వస్తాయని డాక్టర్లు ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నారు. పాత అలవాటు అయినంత మాత్రాన మంచిదని అనుకోకూడదు. ఇళ్ళలో మామ్మలకు ప్రేమగా చెప్పి మాన్పించాలి.

తిండీ శుభ్రతా

నార్వే ఉత్తరాన లోఫోటెన్ దీవుల్లో కాడ్ చేపను ఉప్పు లేకుండానే చలిగాలికి కర్రల మీద ఆరబెడతారు. వైకింగులు దూరప్రయాణాల్లో ఇలాంటి ఎండు చేప తినేవారు. ఇంటి దగ్గర బార్లీ జావ, రొట్టె, పాలు, వెన్న. మన తీరంలో నెత్తళ్ళు, కవ్వళ్ళు ఇసుక మీద ఎండకు ఆరతాయి. పెద్ద చేపకు ఉప్పు పట్టిస్తారు. వేటకు వెళ్ళేవారికి గంజన్నం, చోడి అంబలి తోడు. చలిగాలి చేసే పని అక్కడ, ఎండా ఉప్పూ చేసే పని ఇక్కడ.

వైకింగులు మురికివాళ్ళని అనుకుంటాం. తవ్వకాల్లో ఎక్కువగా దొరికే వస్తువుల్లో కొమ్ముతో చేసిన దువ్వెన ఒకటి. చెవి గుబిలి తీసే పుల్లలు, పట్టకార్లు కూడా దొరికాయి. వారి భాషలో శనివారానికి 'స్నానపు రోజు' అని పేరు. మనకు ఆదివారం బోరు దగ్గర బట్టల రోజు ఉన్నట్టే! పొద్దున బకెట్టు కోసం కొట్టుకునే మన హాస్టల్ మిత్రులు ఈ విషయం గమనించాలి.

బట్ట చెప్పే హెచ్చుతగ్గులు

వైకింగుల గొప్పలే చెప్పి ఊరుకుంటే అది పాఠం కాదు. వారిలో 'థ్రాల్' అనే బానిసలుండేవారు. దాడుల్లో పట్టుకున్న మనుషులను అమ్మేవారు. ధనవంతుడి అంగీ నీలంగా, ఎర్రగా, పట్టు అంచుతో ఉంటే, బానిస ఒంటి మీద రంగు వేయని ముతక గుడ్డ ఉండేది. బట్ట చూసి మనిషి ధర కట్టేవారు.

మన దేశంలోనూ అణగారిన కులాల వారు చెప్పులు వేసుకోకూడదు, మోకాలు దాటి పంచె కట్టకూడదు అనే కట్టుబాట్లు ఎన్నో చోట్ల ఉండేవి. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు రవిక వేసుకునే హక్కు కోసమే ఏళ్ళ తరబడి పోరాడవలసి వచ్చింది. 1859లో అక్కడి రాజు ప్రకటనతో అది కొంతవరకు దక్కింది. 1927 డిసెంబరులో మహద్ సభలో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ గారు స్త్రీలతో మాట్లాడుతూ, కులాన్ని పట్టించే విధంగా చీర కట్టడం మానండి, శుభ్రంగా నిండుగా కట్టుకోండి అని చెప్పారు. ఆయన సూటు వేసుకోవడం వెనుక ఉన్న అర్థం కూడా మాకు ఇప్పుడు తెలిసింది.

మాలో ఒకడు హాస్టల్‌కు రాకముందు చదివిన ఒక బడిలో తోటి పిల్లలు "చేపల కంపు" అని వాడిని చివరి బెంచీకి పంపించారట. అందుకే వాడు ఇన్నాళ్ళూ తన తాత గురించి మాకు కూడా చెప్పలేదు. సంక్రాంతికి తాత మాటలు రాసుకొచ్చింది వాడే.

ఎవరికి ఏం మిగిలింది?

వెయ్యేళ్ళ కిందటి బట్ట గురించి ఇంత వివరంగా ఎలా తెలిసింది? గుడ్డ మట్టిలో కుళ్ళిపోతుంది. కానీ కంచు బిళ్ళ చిలుము పట్టినప్పుడు, ఆ లోహపు లవణాలు సూక్ష్మజీవులను చంపుతాయి. అందుకే బిళ్ళ కింద అంటుకున్న వేలెడు గుడ్డ ముక్క మిగిలిపోతుంది. ఆ ముక్కలో పోగు లెక్కపెట్టి, రంగు పరీక్షించి శాస్త్రజ్ఞులు మొత్తం గౌనును ఊహించారు.

మన ఉక్కపోత నేలలో అలా మిగలదు. ప్రాచీన భారత నూలు బట్టలు ఎక్కువగా దొరికింది కూడా ఇక్కడ కాదు, ఎర్ర సముద్రం ఒడ్డున ఈజిప్టులోని బెరెనికే రేవు పొడి ఇసుకలో. శాతవాహనుల ఓడ బొమ్మ నాణేలు మిగిలాయి గానీ, ఆ ఓడ నడిపిన సరంగు కట్టుకున్న గుడ్డ మిగల్లేదు.

మా మిత్రుడి ఇంట్లో ముత్తాత తెప్ప పక్కన నిలబడిన ఫోటో ఒక్కటి ఉండేదట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకు ఇంటి కప్పు లేచిపోయి, ఆ ఫోటో తడిసి పోయింది. ఇప్పుడు తెప్పల స్థానంలో ఫైబర్ బోట్లు, గోచీ స్థానంలో నిక్కరూ టీషర్టూ, నూలు వలల స్థానంలో నైలాన్ వలలు వచ్చాయి. మార్పు రావడం మంచిదే. బోటు మీద లైఫ్ జాకెట్టు ఉండడం గోచీ కంటే మేలే. కానీ పాతదాన్ని చూసినవారు ఇంకా కొద్దిమందే ఉన్నారు. వాళ్ళకు బిళ్ళ కింద గుడ్డ ముక్క మిగిలింది. మనకు మిగిలింది తాత నోటి మాట. దాన్ని ఏ చిలుమూ కాపాడదు, మనం రాసుకుంటేనే ఉంటుంది.

మనం చేయవలసిన పని

వేసవి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ప్రతి ఒక్కరూ ఒక నోటుపుస్తకం తీసుకెళ్ళండి. మత్స్యకారుల పిల్లలే కాదు, కొండ పల్లె వారు, నేత వారు, తోలుపని వారు, కూలి చేసేవారు – అందరి ఇళ్ళలోనూ అడగవచ్చు.

1. తాతా, మామ్మా చిన్నప్పుడు పనికి ఏం కట్టుకొని వెళ్ళేవారు? ఏడాదికి ఎన్ని జతలు?
2. ఆ బట్ట ఎక్కడ నేసేవారు, ఎక్కడ కొనేవారు, ఎంత?
3. పనిముట్టు పేరేమిటి? దాన్ని ఎవరు చేసేవారు? (పేటలో అనే మాటే రాయండి, పుస్తకం మాట వద్దు.)
4. వాళ్ళు కట్టుకోకూడదని ఎవరైనా అన్న బట్ట ఏదైనా ఉందా? ఎప్పుడు కట్టుకోగలిగారు?
5. పాత ఫోటో ఉంటే దాని వెనుక పేరూ, సంవత్సరమూ రాసి పెట్టండి.

ఈ సంవత్సరం వేషధారణ పోటీకి మేము మళ్ళీ పేర్లు ఇచ్చాం. ఈసారి కొమ్ములు లేవు. తలకు తువ్వాలు, మొలకు గోచి, భుజాన వల. పక్కన గంప ఎత్తుకొని మన బాలికల హాస్టల్ చెల్లెలు. బహుమతి వస్తుందో రాదో తెలియదు గానీ, ముందు వరసలో కూర్చోవడానికి ఆ తాతనూ ఆ మామ్మనూ పిలిచాం. వస్తామన్నారు. మాస్టారు మళ్ళీ ప్రశ్న అడిగితే జవాబు వాళ్ళే చెబుతారు.